పురికొస పట్టిన పంతులు



మీ చేతికందే దూరంలో ఓ పాత కాగితం ఉందేమో చూడండి. న్యూస్‌పేపరు ముక్కయినా సరే, కొట్లో పొట్లం కట్టిచ్చిన కాగితమయినా సరే. అంచులు చిరిగి వంకరటింకరగా ఉంటే మరీ మంచిది. నన్ను రేఖాగణితం గురించి మాట్లాడమన్నారు. రేడియోలో నాకు నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు. బొమ్మ నేను గీయలేను కాబట్టి మీరే చెయ్యాలి. బండి నడుపుతూ వింటున్నవాళ్లు మాత్రం ఇంటికెళ్లాక చేసుకోండి.

కాగితాన్ని మీ ఇష్టం వచ్చినట్టు ఒక మడత పెట్టండి. గోటితో గట్టిగా నొక్కండి. మడత తిన్నగా వచ్చింది కదా? స్కేలు పెట్టలేదు, పెన్సిలు పట్టలేదు. అయినా సరళరేఖ వచ్చింది. ఇప్పుడు విప్పకుండానే రెండో మడత. ఆ మొదటి మడత అంచు దానిమీదికే వచ్చి సరిగ్గా కూర్చునేలా మడవండి. నొక్కండి. ఇప్పుడొచ్చిన మూలని చూడండి. గోడ మూలకి ఆనించి చూడండి, పుస్తకం మూలకి ఆనించి చూడండి. సరిపోతుంది. అది లంబకోణం. తొంభై డిగ్రీలు.

చిరుగు కాగితం లోంచి లంబకోణం ఎలా వచ్చింది? ఎప్పుడు మడిచినా అదే ఎందుకు వస్తుంది? కాగితం విప్పండి. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకున్నచోట చుట్టూ నాలుగు మూలలు కనిపిస్తాయి. మడిచినప్పుడు ఆ నాలుగూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. అంటే నాలుగూ సమానం. చుట్టూ తిరిగితే 360 డిగ్రీలు. నాలుగు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి తొంభై. ఇంకే అంకె రావడానికీ వీల్లేదు.

మీరిప్పుడు చేసింది ఏమిటో గమనించారా? ముందు చేతితో చేశారు. తర్వాత కంటితో చూశారు. ఆ తర్వాత ఎందుకని అడిగారు. ఆఖరున రుజువు వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి. చెయ్యడం, చూడడం, ఎందుకని అడగడం, ఆ తర్వాతే రుజువు. ఈ వేళ నేను చెప్పబోయేదంతా ఈ వరస గురించే.

ఈ కాగితం మడతల సంగతి నేను కనిపెట్టింది కాదు. మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1893లో, మద్రాసులో ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. రాసినాయన తండలం సుందరరావు. కాగితం మడతలతో రేఖాగణితం అభ్యాసాలు, అదీ విషయం. చిన్నపిల్లల కిండర్‌గార్టెన్‌లో కాగితాలు మడిపించే ఆట ఉంటుంది. ఆ ఆట నుంచే ఆయనకి ఆలోచన వచ్చింది. ఆ పుస్తకం జర్మనీలో ఫెలిక్స్ క్లైన్ అనే గొప్ప గణితవేత్త కంట పడింది. ఆయన తన పుస్తకంలో దాన్ని మెచ్చుకుంటూ ప్రస్తావించాడు. 1901లో అది అమెరికాలో, షికాగోలో మళ్లీ అచ్చయింది. మద్రాసు నుంచి షికాగో దాకా వెళ్లిన ఆ పుస్తకం మన బడుల్లోకి ఎంతవరకు వచ్చిందో మీరే ఆలోచించండి.

సరే, ఆ బడులకి పంతుళ్లని తయారుచేసే నెల్లిమర్లకి వద్దాం.

నెల్లిమర్ల అనగానే మనకి జూటు మిల్లు గుర్తొస్తుంది. చంపావతి నది గుర్తొస్తుంది. రామతీర్థం వెళ్లే దారి గుర్తొస్తుంది. జిల్లా విద్యా శిక్షణ సంస్థ, అందరూ డైట్ అనే కాలేజీ, అదీ ఇక్కడే ఉంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత దేశమంతా జిల్లా జిల్లాకీ ఇలాంటి సంస్థలు వచ్చాయి. చిన్న తరగతులకి పాఠాలు చెప్పబోయేవాళ్లు రెండేళ్లు ఇక్కడ శిక్షణ పొందుతారు. వాళ్లని ఛాత్రోపాధ్యాయులు అంటాం. ఇవాళ విద్యార్థులు, రేపు పంతుళ్లు.

ఇలాంటి సంస్థల్లోకి ఎవరొస్తారు? ఇంటర్మీడియట్ పూర్తిచేసి ప్రవేశపరీక్ష రాసినవాళ్లు. వాళ్లలో ఎం.పి.సి. వాళ్లుంటారు, బై.పి.సి. వాళ్లుంటారు, సి.ఇ.సి. వాళ్లుంటారు. చాలామందికి త్రిభుజంతో, చతుర్భుజంతో ఆఖరి పరిచయం పదో తరగతిలోనే. ఆ పరిచయం కూడా ఎలాంటిది? దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. ఈ నాలుగు మాటలూ వరసగా అప్పజెప్తారు. త్రిభుజం పేరు ఏ బీ సీ అయితే పైథాగరస్ సిద్ధాంతం గడగడా వస్తుంది. త్రిభుజం పేరు మార్చి పీ క్యూ ఆర్ అనండి, బొమ్మని కాస్త పక్కకి తిప్పండి. కలం ఆగిపోతుంది. పిల్లల్ని నేను తప్పుపట్టడం లేదు. పరీక్షలో ఎనిమిది మార్కులకి ఏది కావాలో అదే మనం నేర్పాం, అదే వాళ్లు నేర్చుకున్నారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, రేపు వీళ్లే మూడో తరగతి పిల్లల ముందు నిలబడాలి.

హాలండ్‌లో భార్యాభర్తలిద్దరు ఉండేవారు. పియెర్ వాన్ హీలే, డీనా వాన్ హీలే. ఇద్దరూ లెక్కల టీచర్లే. రేఖాగణితం పాఠం చెప్తుంటే పిల్లలకి ఎందుకు అర్థం కావడం లేదని వాళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నారు. 1957లో ఇద్దరూ యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెరో సిద్ధాంతగ్రంథం సమర్పించారు. డీనా మాత్రం ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. వాళ్లు చెప్పింది సూటిగా చెప్తాను. పిల్లవాడు ముందు ఆకారాన్ని మొత్తంగా చూస్తాడు. ఇది తలుపులా ఉంది కాబట్టి దీర్ఘచతురస్రం అంటాడు. కొన్నాళ్లకి దాని గుణాలు పట్టుకుంటాడు. ఎదురు భుజాలు సమానం, నాలుగూ లంబకోణాలు, అలాగ. ఇంకొన్నాళ్లకి ఒక గుణం ఉంటే ఇంకోటి ఉండి తీరాలని గ్రహిస్తాడు. అప్పుడుగాని రుజువు మీదికి రాడు. ఈ మెట్లు వయసుని బట్టి వాటంతటవే రావు. చేసిన పనిని బట్టి వస్తాయి. పంతులు పై మెట్టు మీద నిలబడి మాట్లాడుతుంటే, కింది మెట్టు మీదున్న పిల్లవాడికి ఆ మాటలు వినిపిస్తాయి గాని అందవు.

నేను దీనికి ఒక ముక్క కలుపుతాను. మన ఛాత్రోపాధ్యాయుల్లో చాలామంది కింది మెట్లు ఎక్కకుండానే పైన కూర్చున్నారు. రుజువు నోటికొచ్చు. ఆకారం మాత్రం చేతికి తెలియదు.

నమ్మకం లేకపోతే ఓ చిన్న ప్రశ్న అడిగి చూడండి. చతురస్రం దీర్ఘచతురస్రం అవుతుందా, కాదా? తరగతి రెండుగా చీలిపోతుంది. 'కాదండి, చతురస్రం వేరు, దీర్ఘచతురస్రం వేరు' అని గట్టిగా చెప్తారు. దీర్ఘచతురస్రం అంటే ఏమిటమ్మా అంటే, 'ఎదురు భుజాలు సమానంగా ఉండి నాలుగు కోణాలూ లంబకోణాలుగా ఉండేది' అని తప్పు లేకుండా చెప్తారు. మరి చతురస్రంలో ఎదురు భుజాలు సమానం కావా? కోణాలు లంబకోణాలు కావా? కాసేపు నిశ్శబ్దం. 'అవుతాయండి. కానీ...' ఆ 'కానీ' దగ్గరే పాఠం మొదలవ్వాలి. నిర్వచనం ఒకటి నోట్లో ఉంది, బొమ్మ ఒకటి కంట్లో ఉంది. రెండూ ఎప్పుడూ కలవలేదు.

అలాగే చతురస్రాన్ని కాస్త తిప్పి మొన మీద నిలబెట్టండి. 'అది డైమండ్ కదా మేస్టారూ' అంటారు బడిపిల్లలు. ఛాత్రోపాధ్యాయుల్లోనూ కొందరు అలాగే అంటారు. తిప్పితే పేరు మారిపోయే ఆకారం ఏమిటండీ? సంక్రాంతికి వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టే ఆడపిల్లని అడగండి. ఆ ముగ్గుని ఏ పక్కనుంచి చూసినా ఒకేలా రావాలని, ఎక్కడ ఎన్ని చుక్కలు విడిచిపెట్టాలో ఆమెకి తెలుసు. ఆ తెలివి గడప దాటి తరగతి గదిలోకి రావడం లేదు.

ఇప్పుడు మీకు ఒక పని చెప్తాను. శిక్షణ కాలేజీల్లో నేను చూడాలనుకునే పాఠం ఇది. నలభై నాలుగు అడుగుల పురికొస తీసుకోండి. జూటు మిల్లు ఊళ్లో పురికొసకి కరువా? రెండు కొసలూ కలిపి ముడి వెయ్యండి. మైదానంలోకి వెళ్లండి. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని చతురస్రంగా నిలబడండి. ఒక్కో పక్క పదకొండు అడుగులు. లోపల ఎంత జాగా ఉంది? పదకొండు పదకొండులు నూట ఇరవై ఒకటి. చదరపు అడుగులు. బాగుంది. ఇప్పుడు అదే తాడు. ఇద్దరిద్దరు దగ్గరికి జరగండి. ఒక పక్క ఒక్క అడుగు, ఇంకో పక్క ఇరవై ఒక్క అడుగులు. లోపల జాగా ఎంత? ఇరవై ఒకటి! తాడు అదే, ముడి అదే, మనుషులూ అదే నలుగురు. నూట ఇరవై ఒకటి కాస్తా ఇరవై ఒకటైంది.

మళ్లీ చెప్తాను. తాడు మారలేదు. చుట్టుకొలత మారలేదు. వైశాల్యం మారిపోయింది.

చైనాలో చదువు చెప్పి అమెరికా వెళ్లిన లీపింగ్ మా అనే ఆవిడ 1999లో ఒక పుస్తకం వేసింది. చైనా టీచర్లనీ అమెరికా టీచర్లనీ ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది. మీ తరగతిలో ఒక అమ్మాయి పరుగున వచ్చి, 'టీచర్, నేను ఓ కొత్త సంగతి కనిపెట్టాను, చుట్టుకొలత పెరిగితే వైశాల్యం కూడా పెరుగుతుంది' అందనుకోండి. మీరేమంటారు? కొందరు అవునన్నారు. కొందరు పుస్తకంలో చూసి చెప్తామన్నారు. చైనా టీచర్లలో చాలామంది మాత్రం, ఎప్పుడు నిజమవుతుంది, ఎప్పుడు కాదు అని అక్కడికక్కడే లెక్క వేసి చూడ్డం మొదలుపెట్టారు. తేడా అక్కడుంది. జవాబు తెలియడం కాదు ముఖ్యం. జవాబు వెతకడం ఎలా మొదలుపెట్టాలో తెలియాలి. అది తెలిసిన పంతులు ఆ అమ్మాయిని, 'భలే, రా, తాడు పట్టుకో' అంటాడు. అది తెలియని పంతులు, 'కూర్చో, సిలబస్ కాలేదు' అంటాడు.

మన పురికొస ఇంకా చేతిలోనే ఉంది కదా. అందరూ కలిసి దాన్ని గుండ్రంగా పట్టుకోండి. వ్యాసార్థం ఏడడుగులు వస్తుంది. లోపల జాగా నూట యాభై నాలుగు చదరపు అడుగులు. అదే తాడుతో చతురస్రం చేస్తే వచ్చిన దానికంటే ముప్ఫై మూడు ఎక్కువ. ఒకే చుట్టుకొలతకి అన్నిటికంటే ఎక్కువ జాగా ఇచ్చేది వృత్తమే.

ఈ సంగతి ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇళ్లు కట్టినవాళ్లకి తెలియదంటారా? మన చుట్టిళ్లు చూడండి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకుతోనో గడ్డితోనో నేసిన శంకువు కప్పు. నడుమ ఒక గుంజ పాతి, దానికి తాడు కట్టి, తాడు బిగించి చుట్టూ తిరిగితే గోడకి గీత పడుతుంది. వృత్తలేఖిని అంటే అదే. గోడకి తక్కువ మట్టి పడుతుంది, లోపల ఎక్కువ జాగా వస్తుంది. ఇంకో లాభం ఉంది. ఇది తుఫాన్ల తీరం. 2014లో హుద్‌హుద్ చూశాం, 2018లో తిత్లీ చూశాం. గుండ్రటి గోడకి తగిలిన గాలి పక్కలకి జారిపోతుంది. ఇప్పుడు చుట్టిళ్లు తగ్గిపోతున్నాయి. ఇంకా ఉన్నచోటికి ఒక పూట ఛాత్రోపాధ్యాయుల్ని తీసుకెళ్లండి. వృత్తం నిర్వచనం వాళ్ల నోటి నుంచే వస్తుంది. కప్పుకి ఎంత గడ్డి పడుతుందని ఇంటాయన్ని అడిగితే, శంకువు పక్కతల వైశాల్యం కూడా వచ్చేస్తుంది.

ఈ చుట్టుకొలత సంగతి ఆటకే పనికొస్తుందనుకోకండి. భూమి బేరం దగ్గర ఇది డబ్బు.

పల్లెల్లో చాలాచోట్ల పొలం కొలిచే లెక్క ఒకటుంది. ఎదురెదురు గట్లు కూడి సగం చెయ్యి. ఇంకో రెండు గట్లు కూడి సగం చెయ్యి. రెండూ గుణించు. అదే విస్తీర్ణం. మూలలు సరిగ్గా ఉన్న మడికి ఈ లెక్క బాగానే వస్తుంది. మడి పక్కకి ఒరిగి ఉంటే? ఒక పక్క వంద అడుగులు, ఇంకో పక్క యాభై అనుకోండి. లెక్క ప్రకారం అయిదు వేల చదరపు అడుగులు. పదకొండున్నర సెంట్లకి కాస్త అటూ ఇటూ. కానీ మూల తొంభై డిగ్రీలు కాక అరవై డిగ్రీలుంటే నిజంగా ఉండేది నాలుగు వేల మూడు వందల పైచిలుకు. పది సెంట్లు కూడా నిండవు. కొన్నవాడికి సెంటున్నర నేల గాలిలో కలిసిపోయింది. గట్లు మాత్రం కొలిచినవి కొలిచినట్టే ఉన్నాయి.

నులకమంచం చట్రం చూసే ఉంటారు. బిగువు వదిలితే పక్కకి ఒరిగిపోతుంది. పట్టెల పొడవు మారదు, మంచం ఆకారం మారుతుంది. నాలుగు భుజాలు కొలిచినంత మాత్రాన చతుర్భుజం నిలవదు. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఒక కర్ర బిగించండి. కదలదు. ఎందుకంటే అప్పుడు రెండు త్రిభుజాలయ్యాయి. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం ఒక్కటే వస్తుంది. పుస్తకంలో దీన్ని భు.భు.భు. నియమం అంటారు. అది మూడు అక్షరాలుగా మాత్రమే నేర్చుకున్న ఛాత్రోపాధ్యాయుడు మంచం దగ్గర ఒక్కసారి కూర్చుంటే చాలు.

సర్వేవాళ్లు చేసేదీ ఇదే. రెవెన్యూ రికార్డుల్లో ఎఫ్.ఎం.బి. అని ఉంటుంది, పొలం కొలతల పుస్తకం. మద్రాసు రోజుల నుంచి వస్తున్న పద్ధతి. అందులో ఒక సర్వే నెంబరు పటం తీసి చూడండి. పొలాన్ని అడ్డంగా కోస్తూ పొడుగు గీతలుంటాయి. ఆ గీతల నుంచి గట్టు మలుపులకి లంబాలుంటాయి. ఎంత వంకర పొలాన్నైనా త్రిభుజాలుగా, ముక్కలుగా చేసి కొలుస్తారు. పైసా ఖర్చులేని రేఖాగణితం పుస్తకం అది. కొందరు రైతుల ఇళ్లలో దాని నకలు ఎక్కడో పెట్టెలో ఉంటుంది. లెక్కల తరగతికి మాత్రం ఎప్పుడూ రాదు. ఇది నాకు కాస్త కష్టం కలిగించే సంగతే.

ఉజ్జాయింపు లెక్క వేరు, సూక్ష్మమైన లెక్క వేరు అని మన పాతవాళ్లకి బాగా తెలుసు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. క్షేత్రగణితంలో ఆయన వ్యవహారానికి సరిపోయే లెక్క ఒకటి, సూక్ష్మంగా తేల్చే లెక్క ఒకటి విడివిడిగా చెప్పాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కల పుస్తకం ఈనాటిది కాదు.

ఇక మేస్త్రి దగ్గరికి పోదాం. ఇంటికి ముగ్గుపోసి పునాది గీసేటప్పుడు చూడండి. ఒక తాడు మీద మూడడుగులు, ఇంకో తాడు మీద నాలుగడుగులు గుర్తుపెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య అయిదడుగులు వచ్చేదాకా తాడు జరుపుతాడు. వచ్చిందా, మూల సరిగ్గా కుదిరింది. యజ్ఞవేదికలకి తాళ్లతో కొలతలు వేసిన బౌధాయనుడి కాలానికే ఈ లెక్క తెలుసు.

ఇక్కడ ఛాత్రోపాధ్యాయుల్ని ఒకటి అడగాలి. మేస్త్రి వాడింది పైథాగరస్ సిద్ధాంతమేనా? 'అవునండి' అంటారు అందరూ. ఆగండి. పైథాగరస్ సిద్ధాంతం ఏమంటుంది? లంబకోణం ఉంటే, వర్గాల లెక్క సరిపోతుంది అంటుంది. మేస్త్రికి లంబకోణం ఇంకా లేదు. కావాలి. లెక్క సరిపోయింది కాబట్టి లంబకోణం ఉంది అంటున్నాడు. అది తిరగేసిన మాట. దాన్ని విపర్యయం అంటాం. దానికి వేరే రుజువు కావాలి. యూక్లిడ్ తన మొదటి పుస్తకంలో 47వ సిద్ధాంతంగా పైథాగరస్‌ది పెట్టి, 48వదిగా విపర్యయాన్ని పెట్టి, పుస్తకం అక్కడితో ముగించాడు. రెండూ ఒకటే అయితే అంత జాగ్రత్త ఎందుకు? వర్షం పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది కాబట్టి వర్షం పడిందనలేం కదా, ఎవరో కళ్లాపి చల్లి ఉండొచ్చు. ఈ తేడా పట్టుకున్నవాడికే రుజువంటే ఏమిటో తెలిసినట్టు.

మేస్త్రి అక్కడితో ఆగడు. గది నాలుగు వైపులా కొలిచాక, మూల నుంచి మూలకి రెండు అడ్డకొలతలు తీస్తాడు. 'రెండూ ఒక్కలాగుంటే గది సరిగ్గున్నట్టే బాబూ, నేదంటే ఎక్కడో తేడా ఉన్నాది' అంటాడు. ఎందుకో చెప్పమనండి ఛాత్రోపాధ్యాయుణ్ని. ఎదురు భుజాలు సమానం కాబట్టి అది సమాంతర చతుర్భుజం. పైగా కర్ణాలు సమానం కాబట్టి దీర్ఘచతురస్రం. భుజాలు కొలవకుండా కర్ణాలు మాత్రమే కొలిస్తే సరిపోతుందా? సరిపోదు. ఒక ఉదాహరణ గీసి చూపించమనండి. అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

ఇదంతా విని, అయితే రుజువులొద్దు, ఆటలు చాలంటావా అని ఎవరైనా అడగొచ్చు. అననండి. త్రిభుజం గీసి మూడు మూలలూ చింపి పక్కపక్కన పేర్చండి. తిన్నని గీత అవుతుంది. అంటే మొత్తం 180 డిగ్రీలు. పిల్లలకి ఆనందంగా ఉంటుంది. కానీ కోణమానినితో కొలిస్తే ఒకరికి 179 వస్తుంది, ఒకరికి 182 వస్తుంది. ఎవరిది నిజం? మనం గీయని త్రిభుజాల సంగతేమిటి? ఈ ప్రశ్న పిల్లల్లో పుట్టిన రోజున, శీర్షం గుండా భూమికి సమాంతరంగా ఒక గీత గీసి చూపించండి. ఒక్క గీతతో ప్రపంచంలో ఉన్న త్రిభుజాలన్నీ ఒక్కసారిగా తేలిపోతాయి. చింపి చూసినవాడికే ఆ గీత విలువ తెలుస్తుంది. కాగితం మీద గీసిన త్రిభుజాలకే సుమా! ఫుట్‌బాల్ మీద గీస్తే మూడూ లంబకోణాలుగా ఉండే త్రిభుజం కూడా వస్తుంది. ఆ గొడవ ఇంకో రోజు.

మరి శిక్షణలో జరుగుతున్నదేమిటి? పాఠ్య పథకాలు రాయిస్తాం. రంగురంగుల అట్టముక్కలతో బోధన సామగ్రి చేయిస్తాం. ప్రదర్శన రోజు బాగుంటాయి, తర్వాత బీరువాలోకి పోతాయి. ఎలా బోధించాలన్నది చెప్తాం. బోధించే విషయం వాళ్ల చేతికి వచ్చిందా లేదా అన్నది చూడం. అమెరికాలో లీ షుల్మన్ అనే విద్యావేత్త దీని మీద 1986లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. విషయం తెలియడం ఒకటి, పద్ధతి తెలియడం ఇంకోటి, ఈ విషయాన్ని పిల్లవాడికి అందేలా ఎలా మలచాలో తెలియడం మూడోది, పంతులికి కావలసింది ఆ మూడోది అన్నాడు. ఆ మూడోది పాఠ్య పథకం కాగితంలో దొరకదు.

ఎక్కడ దొరుకుతుంది? పిల్లల దగ్గర దొరుకుతుంది. టీచింగ్ ప్రాక్టీసుకి వెళ్లిన ఛాత్రోపాధ్యాయుడు పాఠం చెప్పడానికి ముందు ఒక పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, పది బొమ్మలు చూపించి, వీటిలో త్రిభుజాలేవి, ఎందుకని అడగాలి. ఆ పిల్లవాడు సన్నగా, పొడుగ్గా ఉన్న త్రిభుజాన్ని 'ఇది కాదు, ఇది మేకులాగుంది' అంటాడు. మొన కిందకి ఉన్నదాన్ని 'ఇది తిరగబడిపోనాది' అంటాడు. ఆ మాటలు రాసుకోవాలి. దిద్దకూడదు, నవ్వకూడదు, రాసుకోవాలి. ఆ రెండు మాటల్లో పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిసిపోతుంది. రేపు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

నెల్లిమర్లకి పక్కనే విజయనగరం ఉంది. ఘంటస్తంభం 1885 నాటిది. ఎనిమిది పక్కల కట్టడం. ఛాత్రోపాధ్యాయుల్ని దాని కిందకి తీసుకెళ్లి, ప్రతి మూల దగ్గరా కోణం ఎంత ఉంటుంది, ఎక్కకుండా, కొలవకుండా చెప్పండి అనొచ్చు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే చాలు. ఎనిమిది మలుపులు తిరిగి మొదటి చోటికే వస్తాం. మొత్తం తిరిగింది 360. మలుపుకి 45. లోపలి కోణం 135. సూత్రం బట్టీ పట్టక్కర్లేదు, కాళ్లతో నడిచిన లెక్క అది. కంప్యూటర్ ఉన్న కాలేజీలో జియోజీబ్రా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇవన్నీ తెర మీద కదిలించి చూడొచ్చు. మంచిదే. కాకపోతే తాడు పట్టుకున్న తర్వాత తెర చూడండి, తెర చూసి తాడు మరిచిపోకండి.

వింటున్న శిక్షణ కళాశాలల అధ్యాపకులకి, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకి నాదొక్క విన్నపం. పరీక్షలో ఏది అడిగితే అదే నేర్చుకుంటారని ముందే అనుకున్నాం. కాబట్టి అడిగేదాన్ని మార్చండి. ప్రాక్టికల్ పరీక్ష రోజున ఛాత్రోపాధ్యాయుడి చేతికి పురికొస, నాలుగు మేకులు ఇచ్చి, మైదానంలో ఒక దీర్ఘచతురస్రం వెయ్యమనండి. వేశాక, ఇది దీర్ఘచతురస్రమేనని నాకెలా నమ్మకం కలిగిస్తావని అడగండి. మార్కులు ఆ జవాబుకి వెయ్యండి.

ఛాత్రోపాధ్యాయులారా, మీరు పరీక్ష మారేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం మీ ఊళ్లో ఇల్లు కడుతున్న మేస్త్రి దగ్గరికి వెళ్లండి. మీ ఇంట్లో ఎఫ్.ఎం.బి. నకలు ఉంటే తీసి చూడండి. వాటిలో మీకు కనిపించిన ఒక్క ప్రశ్నని సోమవారం తరగతికి తీసుకెళ్లండి.